అండమాన్‌కు ఎనిమిది మందిమి పోదామనుకుంటున్నాం, ప్యాకేజీ వద్దు. ఏ దీవులు పెట్టుకోవాలి, ఏవి వదిలేయాలి?

పాకాల పిట్ట (హన్మకొండ)

అందరికీ నమస్తే. మాది హన్మకొండలో ఒక చిన్న గ్రూపు. ఆదివారం పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికో, వీలైతే పాకాలకో పిట్టలు చూడటానికి పోతుంటాం, చలికాలంలో ఏటూరునాగారం అడవి దాకా వెళ్తాం. ఈసారి సముద్రం దిక్కు పోదామని అందరం అనుకున్నాం, అదీ బీచ్‌లో కూర్చుని ఫొటోలు దిగి వచ్చేలా కాదు, దీవుల మీద ఉండి అడవి, పగడాలు, కుదిరితే తాబేళ్లు చూసి రావాలని. మేడారం జాతర రద్దీ అయిపోయాక ఫిబ్రవరిలో, అన్నీ కలిపి పది రోజులు.

మొత్తం ఎనిమిది మందిమి. రెండు జంటలు, మా అమ్మ, ఇద్దరు పిల్లలు (ఒకరికి ఎనిమిదేళ్లు, ఒకరికి పదకొండు), డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా అన్న బిడ్డ. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, చదునుగా ఉంటే ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లు ఎక్కాలంటేనే ఇబ్బంది. మా అందరిలో ఈత వచ్చింది ఇద్దరికే.

ఇక్కడే ఒక ట్రావెల్స్‌లో అడిగాం. వాళ్లు ఇచ్చిన కాగితంలో ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. దిగిన రోజే సెల్యులార్ జైలు, మర్నాడు రాస్, నార్త్ బే, తర్వాత హేవ్‌లాక్ ఒక రాత్రి, నీల్ ఒక పూట చూసి రాత్రికి పోర్ట్ బ్లేయర్, ఆ మర్నాడు తెల్లారుజామున మూడు గంటలకు లేచి బారాటాంగ్, ఆరో రోజు విమానం. మధ్యలో జెట్ స్కీ, బనానా బోట్ లాంటివన్నీ కలిపారు. అవేవీ మాకు వద్దు, పొద్దున పూట అడవిలో తిరగడానికి టైం కావాలంటే, గ్రూపులకు అట్ల కుదరదు మేడమ్ అన్నారు. అందుకే సొంతంగా ప్లాన్ చేసుకుందామని ఇక్కడ అడుగుతున్నా.

నాకు తెలియనివి ఇవి. పది రోజుల్లో ఎన్ని దీవులు పెట్టుకుంటే బాగుంటుంది? ఈత రానివాళ్లకు పగడాలు చూసే వీలుందా? అమ్మ బోట్లు ఎక్కి దిగగలదా? బారాటాంగ్ గురించి ఒకరు తప్పకుండా చూడాలంటారు, ఒకరు అసలు పోవద్దంటారు, ఎందుకు? తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు చాలా దూరమట, పిల్లలతో అంత దూరం పోవడం మంచిదేనా? వెళ్లొచ్చినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, టికెట్లు బుక్ చేసే ముందు మావాళ్లందరికీ చదివి వినిపించాలి.


కాజీపేట జంక్షన్

అక్కా, ఆ కాగితం పక్కన పెట్టి మంచి పని చేశారు. అది చదువుతుంటేనే అలసట వస్తోంది. అండమాన్‌లో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే, దీవి మారడం అంటే హన్మకొండ నుంచి వరంగల్ పోయినంత సులువు అనుకుంటారు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే పొద్దున రూం ఖాళీ చేయాలి, బోటు టైంకు గంట ముందే జెట్టీలో ఉండాలి, సామాన్ల చెకింగ్, ప్రయాణం, దిగాక ఆటో, కొత్త రూం, పన్నెండింటి దాకా రూం ఇవ్వరు. సగం పగలు పోయినట్టే. ఆ మిగిలిన సగంలో కూడా ఒక చిక్కుంది. అక్కడ మన గడియారమే గానీ మనకన్నా చాలా తూర్పున ఉంటుంది, ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. రెండు గంటలకు రూంలోకి పోయి, తిని, కాసేపు ఒరిగి లేచేసరికి చీకటి. కాబట్టి ఐదు గంటలకు లేచి, మధ్యాహ్నం ఎండలో పడుకుని, మళ్లీ మూడున్నరకు బయటపడేలా రోజును మార్చుకోండి. మీరు పిట్టల కోసం లేచేవాళ్లే కాబట్టి ఇది మీకు కష్టం కాదు.

నా సలహా పది రోజులకు మూడు దీవులు, అంతకు మించొద్దు. పోర్ట్ బ్లేయర్, నీల్, హేవ్‌లాక్. అన్నట్టు, టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడొద్దు, పోర్ట్ బ్లేయర్ 2024 నుంచి శ్రీ విజయపురం, 2018 నుంచే హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్ అంటున్నారు. జనం మాటల్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి.

నీల్‌కు అందరూ ఒక్క రాత్రి ఇస్తారు, లేదంటే పొద్దున వచ్చి సాయంత్రం పోతారు. నేనైతే దానికే ఎక్కువ రోజులు ఇస్తా. చిన్న దీవి, దాదాపు చదునుగా ఉంటుంది, మీ అమ్మగారికి బాగా సరిపోతుంది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు, ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. వరి మళ్లు, కూరగాయ తోటలు, అరటి, పోక చెట్లు, వాటి మధ్య నుంచి చిన్న రోడ్డు. జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్, నీళ్లు లోతు తక్కువ, పిల్లలు ఆడుకోవచ్చు, అద్దం అడుగు ఉన్న పడవలు అక్కడే దొరుకుతాయి. ఈత రానివాళ్లు, దిగలేనివాళ్లు ఆ పడవలో కూర్చునే పగడాలు చూడొచ్చు. దిగాలనుకుంటే లైఫ్ జాకెట్ వేసి, రింగు పట్టుకుని గైడు తీసుకెళ్తాడు, ఈత రాకపోయినా ముఖం నీళ్లలో పెట్టి నోటితో గాలి పీల్చడం వస్తే చాలు. ఆ మాస్కు, నోట్లో పెట్టుకునే గొట్టం ముందే కొనుక్కుని ఇంట్లో బకెట్ నీళ్లలో పిల్లలకు అలవాటు చేయించండి, అక్కడ నీళ్లలోకి దిగాక భయపడితే ఆ పూట అంతా వృథా.

హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కు అందరూ సూర్యాస్తమయానికి పోతారు. మీరు తెల్లారి పోండి. బీచ్ వెనకాలే అడవి, ఎంత ఎత్తు చెట్లంటే తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి, ఆ టైంకు మనుషులు దాదాపు ఉండరు.

బోట్ల సంగతి. ప్రైవేటువి ఏసీ, అద్దాలు బిగించి ఉంటాయి, పోర్ట్ బ్లేయర్ నుంచి హేవ్‌లాక్ గంటన్నర. గవర్నమెంటు బోటు రెండున్నర గంటలు పడుతుంది, కానీ డెక్ మీద నిలబడొచ్చు. బోటు ముక్కు దగ్గర నిలబడితే నీళ్లలోంచి ఎగిరే చేపలు లేస్తాయి, గడ్డిలో అడుగు పెడితే మిడతలు లేచినట్టు ఒక్కసారే పది పదిహేను లేచి, చాలా దూరం నీటి మీదే పోయి మళ్లీ మునుగుతాయి. మీ పిల్లలకు అది చూపించడానికైనా ఒకవైపు గవర్నమెంటు బోటు ఎక్కండి. వాంతులు అయ్యేవాళ్లుంటే ఎక్కడానికి అరగంట ముందే మాత్ర వేయాలి, ఎక్కాక వేస్తే లాభం లేదు.

ఇంకో మాట, డబ్బు కొంచెం చేతిలో ఉంచుకోండి, నీల్‌లో ఏటీఎంలను నమ్ముకోవద్దు. సముద్రం అడుగున చెన్నై నుంచి 2020లో కేబుల్ వేశాక నెట్ చాలా మెరుగైంది గానీ అన్ని చోట్లా, అన్ని సిమ్‌లకూ సిగ్నల్ అందదు.


జంగ్లీఘాట్ తెలుగు

నమస్తే అక్కా. మేం పోర్ట్ బ్లేయర్‌లోనే పుట్టి పెరిగాం, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. ఇక్కడ మనవాళ్లు చాలామంది, తెలుగు బడులు కూడా ఉన్నాయి, భాష గురించి బెంగ పెట్టుకోకండి.

పైన తమ్ముడు చెప్పిన దాంతో నేను ఏకీభవిస్తాను, కానీ పోర్ట్ బ్లేయర్‌ను కేవలం దిగే ఊరిగా చూడొద్దు. పిట్టల కోసం వచ్చేవాళ్లకు దక్షిణ అండమానే పెద్ద చోటు. చిడియా టాపుకు పొద్దున ఐదింటికల్లా చేరండి. ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేని పిట్టలు ఒక్క ఉదయంలోనే చాలా కనిపిస్తాయి, ఒళ్లంతా నల్లగా ఉండి తల ఎర్రగా ఉండే అండమాన్ వడ్రంగి పిట్ట, అండమాన్ ట్రీపై, అండమాన్ డ్రోంగో, అదృష్టం ఉంటే పాములను తినే అండమాన్ గద్ద. సాయంత్రం అదే దారిలో చీకటి పడ్డాక గుడ్లగూబల అరుపులు వినొచ్చు.

సిప్పీఘాట్ కూడా పెట్టుకోండి, టూరిస్టులు అక్కడ ఆగరు. 2004 సునామీ వచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. అప్పటిదాకా వరి పండిన పొలాల్లోకి సముద్రం నీళ్లు వచ్చి తిరిగి పోలేదు. పొలాలు పోయినవాళ్ల బాధ నేను చూశాను, అది చిన్నది కాదు. ఆ నీటి మడుగుల్లోనే ఇప్పుడు అండమాన్ టీల్ అనే బాతు, కొంగలు, వలస పిట్టలు ఉంటున్నాయి. రోడ్డు పక్క నుంచే చూడొచ్చు, అమ్మగారు కారులో కూర్చునే బైనాక్యులర్స్‌తో చూస్తారు. అదే భూకంపంలో ఉత్తర అండమాన్ పైకి లేచింది, అక్కడ నీటి అడుగున ఉండాల్సిన పగడాలు బయటపడి ఎండి చచ్చిపోయాయి. ఒకే రోజు ఒక దిక్కు మునిగింది, ఒక దిక్కు లేచింది. మీ జువాలజీ అమ్మాయికి ఈ రెండూ చూపిస్తే పుస్తకంలో చదివిన దానికన్నా బాగా మనసుకు ఎక్కుతుంది.

పగడాలకు వండూర్ నుంచి వెళ్లే జాలీ బాయ్ మంచిది. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది, సోమవారం సెలవు. జాలీ బాయ్, రెడ్ స్కిన్ అని రెండు దీవులుంటే ఒకటి తెరిచినప్పుడు ఇంకోటి మూస్తారు, పగడాలకు ఊపిరి తీసుకునే టైం ఇవ్వడానికి. మీరు వచ్చే నెలలో జాలీ బాయ్ తెరిచి ఉంటుంది. పర్మిట్ ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ అసలు తీసుకుపోనివ్వరు. కానీ అమ్మగారి విషయంలో ఒక మాట, అక్కడ జెట్టీ లేదు, పెద్ద బోటు నుంచి ఊగే చిన్న పడవలోకి దిగాలి. మోకాళ్లు బాగా లేకపోతే ఆ రోజు ఆమెతో ఒకరు ఉండిపోవడమే మంచిది. మిగతా జెట్టీల్లో ఆటుపోట్లను బట్టి బోటు అంచు ఎత్తు మారుతుంది, ఒక్కోసారి పెద్ద అడుగు వేయాల్సి వస్తుంది, సిబ్బంది చెయ్యి పట్టుకుని దించుతారు.

తాబేళ్ల గురించి. దిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ బీచ్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆలివ్ రిడ్లీలు రాత్రి పూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లను కాపాడి పొదిగించే అటవీ శాఖ హేచరీ ఉంది. పక్కనే రాస్, స్మిత్ దీవులు (మీ కాగితంలో ఉన్న పోర్ట్ బ్లేయర్ రాస్ కాదు, ఇది వేరే), పోటు తగ్గినప్పుడు రెంటినీ కలిపే ఇసుక దారి బయటపడుతుంది. శాడిల్ పీక్ కూడా అక్కడే, 732 మీటర్లు, ఈ దీవుల్లో అన్నిటికన్నా ఎత్తు. చాలా అందమైన ప్రాంతం, కానీ పోర్ట్ బ్లేయర్ నుంచి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే. పోవాలనుకుంటే ఆ రోడ్డు కాకుండా, హేవ్‌లాక్ మీదుగా రంగత్ వెళ్లే గవర్నమెంటు బోటు ఎక్కండి, అక్కడి నుంచి మాయాబందర్ మీదుగా దిగ్లీపూర్ రోడ్డున పోవచ్చు. ఆ దారిలో జారవాలు అనే ఆదిమ తెగవాళ్ల రిజర్వు అడవి తగలదు. రంగత్‌లో ధనీనాలా దగ్గర మడ అడవి మీదుగా చెక్క వంతెన కట్టారు, అది కూడా చూస్తారు. అయితే ఈ బోటు రోజూ ఉండదు, గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉండాలి. విమానం ఉన్న రోజు పొద్దున బోటు మీద ఆధారపడి ఎవరూ ప్లాన్ వేయొద్దు.

మొసళ్లు ఉన్నాయి. మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు, అప్పుడప్పుడు బీచ్‌ల దాకా వస్తాయి. హేవ్‌లాక్‌లో 2010లో ఒక ప్రాణం పోయింది. బోర్డు పెట్టిన చోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా పిల్లలను దించొద్దు, లైఫ్ గార్డు ఉన్న చోటే దిగండి. చీకటి పడ్డాక ఎక్కడా వద్దు.


పాకాల పిట్ట (హన్మకొండ)

ఇద్దరికీ చాలా థాంక్స్. సిప్పీఘాట్ గురించి రాసింది మావాళ్లకు చదివి వినిపించాను, మా అన్న బిడ్డ అప్పటి నుంచి 2004 భూకంపం గురించే వెతుకుతోంది.

ఆటుపోట్లు అన్నారు కదా, మాకు చెరువులు తప్ప తెలియదు. ఏ రోజు ఏ టైంకు నీళ్లు తగ్గుతాయో ముందే తెలుసుకునే వీలుందా? ఆ తగ్గిన టైంలో ఏం చూడొచ్చు? బారాటాంగ్ గురించి ఎవరూ చెప్పలేదు.


ములుగు మాస్టారు

అమ్మా, నేను జీవశాస్త్రం చెప్పే పంతులును, నీటి ఒడ్డు జీవుల మీద ఇష్టం కొద్దీ మా పిల్లలను తీసుకుని అటు వెళ్లాను. మీ ప్రయాణం తేదీలను క్యాలెండర్‌లో సెలవులు చూసి కాదు, పంచాంగంలో తిథి చూసి పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా తగ్గుతుంది. అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ. రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు తగ్గుతుంది, ఆ టైం రోజుకు యాభై నిమిషాల వరకు ఆలస్యమవుతూ పోతుంది. పోర్ట్ బ్లేయర్ టైడ్ టేబుల్ అని ఫోన్‌లో వెతికితే నెల మొత్తానికీ వచ్చేస్తుంది.

మీరు ఫిబ్రవరి అన్నారు. శివరాత్రి వెంటనే అమావాస్య వస్తుంది కదా, ఆ అమావాస్యకు అటూ ఇటూ మూడేసి రోజులు నీల్‌లో, హేవ్‌లాక్‌లో ఉండేలా చూసుకోండి. దానివల్ల రెండు లాభాలు. పగలు నీళ్లు తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో సముద్రం మిగిలిపోతుంది, అది నడుస్తూ చూడొచ్చు. రాత్రి వెన్నెల ఉండదు కాబట్టి హేవ్‌లాక్‌లో మడ అడవుల పక్కన పడవలో తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా వెలుగుతాయి. నీటిలో ఉండే సూక్ష్మజీవులను కదిలిస్తే వచ్చే వెలుగు అది, పౌర్ణమి దగ్గర్లో పోతే సరిగా కనిపించదు. తెలిసిన గైడుతోనే పోండి, మొసళ్ల మాట పైన చెప్పారు.

రాళ్ల గుంటల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈత రానివాళ్లకు అండమాన్‌లో అన్నిటికన్నా గొప్పది ఇదే అని నా నమ్మకం. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, అందరూ దాని ముందు ఫొటో దిగి వెనక్కి పోతారు. వాళ్లు దాటి వచ్చిన గుంటల్లోనే అసలు ప్రపంచం ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ఒకే గుంటను పది నిమిషాలు కదలకుండా చూడండి. మొదట ఇసుక, రాయి తప్ప ఏమీ కనిపించదు. కాసేపటికి రాయి పగుల్లోంచి సన్నటి చేతులు బయటికి వస్తాయి, ముళ్లతో, పాములా మెలికలు తిరుగుతూ, అది బ్రిటిల్ స్టార్, నక్షత్ర చేపకు దగ్గరి చుట్టం. నల్లగా, మెత్తగా చాచి పడి ఉన్నది సముద్ర దోసకాయ, అది ఇసుకను మింగి అందులోని ఆహారం తీసుకుని శుభ్రమైన ఇసుక వదులుతుంది. పక్కన ఒక శంఖం దానంతట అదే నడుస్తుంది, లోపల సన్యాసి పీత. దాని పొట్ట మెత్తగా ఉంటుంది, సొంత గుల్ల లేదు, ఖాళీ శంఖం దొరికితేనే బతుకుతుంది, పెరిగేకొద్దీ ఇంకా పెద్దది వెతుక్కోవాలి. అందుకే పిల్లలకు ముందే చెప్పండి, ఒడ్డున పడి ఉన్న శంఖం చెత్త కాదు, ఇంకొక జీవికి ఇల్లు. ఒక్కటి కూడా సంచిలో వేసుకోవద్దు. పగడం ముక్క అయితే చట్టమే ఒప్పుకోదు, 1972 వన్యప్రాణి చట్టం కింద పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది, చచ్చిన ముక్క తెచ్చినా విమానాశ్రయంలో పట్టుకుంటారు.

గుంటల్లోకి చేతులు పెట్టనివ్వొద్దు. శంకు ఆకారంలో ఉండే కొన్ని నత్తలు కుడితే మనిషి ప్రాణానికే ప్రమాదం. గట్టి అడుగున్న పాత బూట్లు వేసుకోండి, చెప్పులతో ఆ రాళ్ల మీద జారతారు. మీ అమ్మగారిని వంతెన దాకా తీసుకుపోవద్దు, భరత్‌పూర్ ఒడ్డున ఇసుక మీద నడుస్తూనే సగం జీవులు కనిపిస్తాయి.

పగడం రాయి కాదు, వేల చిన్న జీవుల కాలనీ. వాటి ఒంట్లో సూక్ష్మమైన నాచు ఉంటుంది, తిండిలో ఎక్కువ భాగం అదే పెడుతుంది, రంగు కూడా దానిదే. సముద్రం మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి అలాగే కొన్ని వారాలు ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది, తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 లలో ఇలా పెద్ద ఎత్తున జరిగింది. కాబట్టి అంతటా రంగులే ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు, కొన్ని చోట్ల బూడిద రంగు దిబ్బలు కనిపిస్తాయి, మధ్యలో కొత్తగా పెరుగుతున్న కొమ్మలు కనిపిస్తాయి. దాని మీద నిలబడటం, పట్టుకోవడం అసలు వద్దు. ఎండకు క్రీములు పూసుకుని నీళ్లలో దిగేకన్నా పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోవడం మీకూ మంచిది, పగడానికీ మంచిది.


భూపాలపల్లి అన్న

బారాటాంగ్ వద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను వెళ్లమనే చెప్తున్నా. మడ అడవుల మధ్య సన్నటి కాలువలో స్పీడ్ బోటులో పోతుంటే రెండు పక్కల చెట్లు పైన కలుస్తాయి, దిగాక అడవిలో నడిచి సున్నపురాయి గుహలకు పోతాం, ఇంకోవైపు బురద ఉబికే చిన్న దిబ్బలు. ప్రభుత్వమే కాన్వాయ్ పెట్టి పోలీసు కాపలాతో పంపుతుంది, ఆగొద్దు, ఫొటో తీయొద్దు, ఏమీ ఇవ్వొద్దని చెప్తారు, ఆ రూల్స్ పాటిస్తే తప్పేంటి? ఆ రోడ్డు మీద అక్కడి ఊళ్లవాళ్లు బస్సుల్లో రోజూ తిరుగుతున్నారు.


జంగ్లీఘాట్ తెలుగు

అన్నా, గుహలు బాగుంటాయి, కాదనను. కానీ అక్కడి ఊళ్లవాళ్లు ఆసుపత్రికి, ఆఫీసు పనికి తిరుగుతారు, వాళ్లకు వేరే దారి తక్కువ. మనం సెలవు గడపడానికి వచ్చినవాళ్లం. ఆ రోడ్డు జారవాల అడవి మధ్యలోంచి పోతుంది. 2011 లెక్కల్లో వాళ్లు మొత్తం 380 మంది, అంతే. బయటివాళ్ల తాకిడి పెరిగాక 1999లో, మళ్లీ 2006లో వాళ్లలో తట్టు వచ్చింది, మనకు చిన్న జబ్బు, వాళ్ల ఒంటికి కొత్త. 2002లోనే సుప్రీం కోర్టు ఆ రోడ్డు కొంత భాగం మూసేయాలని చెప్పింది. రూల్స్ కాగితం మీద ఉన్నా, కాన్వాయ్‌లో సగం బండ్లవాళ్లు కిటికీలోంచి మనుషులు కనిపిస్తారేమోనని చూస్తూ కూర్చుంటారు, నేను ఇక్కడివాడిని, ఆ మాటలు బండ్లలో నా చెవులతో విన్నాను. నాకు అది తప్పనిపిస్తుంది. మడ అడవే చూడాలనుకుంటే ధనీనాలా ఉంది, హేవ్‌లాక్‌లో పడవలున్నాయి.


ములుగు మాస్టారు

ఈ విషయంలో నేనూ ఆయన పక్షమే. జాతరకు వచ్చినవాళ్లు దారిలో కోయ గూడేల ముందు ఆగి, అడగకుండా ఇళ్లలోకి ఫోన్లు పెట్టి వీడియోలు తీస్తుంటే మనకు ఎంత కోపం వస్తుంది? కోయవాళ్లు కనీసం వద్దని మన భాషలో చెప్పగలరు, జారవాలు అదీ చెప్పలేరు.


కాజీపేట జంక్షన్

భూపాలపల్లి అన్న చెప్పిన గుహల అందం నిజమే, కానీ మీ గ్రూపుకు ఇంకో కారణం కూడా ఉంది. అర్ధరాత్రి లేచి, వరుసలో నిలబడి, రానూపోనూ బండి, బోటు, నడక, మళ్లీ బండి. పిల్లలు, అమ్మగారు మర్నాడంతా పడుకునే ఉంటారు.

మర్చిపోయిన ముఖ్యమైనది ఒకటి, ఇసుక మీద కనిపించనంత చిన్న ఈగలుంటాయి, సాండ్‌ఫ్లై అంటారు. కుట్టిన వెంటనే తెలియదు, రాత్రికి దద్దుర్లు, దురద. ఇసుక మీద నేరుగా పడుకోవద్దు, కాళ్లకు కొబ్బరినూనె మందంగా పూసుకోండి, పిల్లల గోళ్లు కత్తిరించి తీసుకుపోండి, గోకితే పుండు పడుతుంది.


పాకాల పిట్ట (హన్మకొండ)

నిన్న రాత్రి అందరం మా ఇంట్లో కూర్చుని మొత్తం చదివాం. బారాటాంగ్ వద్దని తీర్మానించాం, ఒకరిద్దరు గుహల కోసం పట్టుబట్టినా జారవాల సంగతి విన్నాక వాళ్లే వద్దన్నారు.

పోర్ట్ బ్లేయర్‌లో మూడు రాత్రులు, నీల్‌లో నాలుగు, హేవ్‌లాక్‌లో రెండు. పోర్ట్ బ్లేయర్ మూడింట్లో ఒకటి దిగిన రోజు, రెండు చివర్లో, బోటు ఒక రోజు రద్దైనా విమానం తప్పిపోకుండా. చిడియా టాపు, సిప్పీఘాట్ ఆ చివరి రోజుల్లో. జాలీ బాయ్‌కు అమ్మ, నేను తప్ప మిగతా ఆరుగురు పోతారు. అమావాస్య నీల్‌లో ఉండగానే వచ్చేలా తేదీలు పెట్టాం. నీల్‌కు నాలుగు రాత్రులా అని మా ఆయన మొదట ఒప్పుకోలేదు, రాళ్ల గుంటల పేరా రెండోసారి చదివాక ఇంకేం అనలేదు.

కాలీపూర్ తాబేళ్లను వదులుకోవడం బాధగా ఉంది, అది దాచుకోను. పది రోజుల్లో ఇరికిస్తే అమ్మకు, పిల్లలకు ప్రయాణమే మిగులుతుందని అనుకున్నాం. మా అన్న బిడ్డ మాత్రం వచ్చే చలికాలం తన క్లాస్‌మేట్లతో హేవ్‌లాక్, రంగత్ బోటు దారిలో దిగ్లీపూర్ పోతానని ఇప్పుడే చెప్పేసింది, వాళ్ల నాన్న ఇంకా ఔననలేదు.

జంగ్లీఘాట్ అన్నా, ఆఖరి ప్రశ్న. నీల్ నుంచి హేవ్‌లాక్‌కు గవర్నమెంటు బోటు టికెట్లు ఇక్కడి నుంచే తీసుకోవచ్చా, లేక అక్కడికి వచ్చాకేనా?


జంగ్లీఘాట్ తెలుగు

ఆన్‌లైన్‌లో ఉంటాయి అక్కా, కానీ ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, త్వరగా అయిపోతాయి. ఎనిమిది టికెట్లు ఒకేసారి కావాలి కాబట్టి నీల్, హేవ్‌లాక్ మధ్య ప్రైవేటుది ఇప్పుడే బుక్ చేసేయండి, గంట ప్రయాణమే. పోర్ట్ బ్లేయర్ నుంచి నీల్‌కు పోయేటప్పుడు గవర్నమెంటు బోటుకు ప్రయత్నించండి, పిల్లలు డెక్ మీద నిలబడొచ్చు. అందరి ఆధార్ కార్డులు ఒరిజినల్స్ తెచ్చుకోండి, పిల్లలవి కూడా, జెట్టీలో అడుగుతారు. దిగాక ఏదైనా అవసరమైతే ఇక్కడే మెసేజ్ పెట్టండి, చూస్తుంటాను.